బిల్లులో లేని పని

దసరాకు ముందు సింగరేణి లాభాల వాటా కార్మికుల ఖాతాల్లో పడుతుంది. 2023-24 లాభాల్లో పెట్టుబడులకు తీసిపెట్టగా మిగిలినదాంట్లోంచి 33 శాతం, అంటే 796 కోట్ల రూపాయలు పంచినప్పుడు, ఒక్కో పర్మినెంటు కార్మికునికి సగటున లక్షా తొంభై వేలు వచ్చాయి. కాంట్రాక్టు కార్మికులకు కూడా మొదటిసారి ఇచ్చారు, తలా 5,000. ఆ డబ్బులో కొంత బంగారానికి, కొంత బండికి, కొంత ఇంటికి పోతుంది. ఇంటికి పోయేదాంట్లో తలుపులూ తాళాలూ ఉంటాయి. కానీ గోదావరిఖని హార్డ్‌వేర్ దుకాణాలకు ఇప్పుడు అసలు గిరాకీ ఆసుపత్రులు, లాడ్జీలు, హాస్టళ్లు, ఫంక్షన్ హాళ్లు. ఒక్క ఆర్డరుతో పదుల కొద్దీ తలుపులు లారీ ఎక్కుతాయి. అవి బిగించే మనిషికి ఆ ఆర్డరులో చోటెంత?

ఈ మాట మీద ఇద్దరు తగువు పడ్డారు. ఒకరు లక్ష్మీనగర్‌లో తండ్రి పెట్టిన హార్డ్‌వేర్ దుకాణం నడుపుతున్న వర్తకుడు. ఇంకొకరు బొగ్గు బాయిలో వడ్రంగిగా చేసి రిటైరై, ఇప్పుడు ఇద్దరు పిల్లగాళ్లను వెంటేసుకుని తలుపులు బిగిస్తున్న మేస్త్రి. పట్టణంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కుంగిన తలుపు ఈ తగువుకు మూలం.

వర్తకుడు: కాకా, ఆసుపత్రోళ్లు పొద్దుగాల్నుంచి ఒకటే ఫోన్లు. రెండో అంతస్తుల తలుపు నేలకు రాస్తున్నదట. తలుపు ఐఎస్ఐ మార్కుది. బందులు స్టీలువి. తలుపును మూసే క్లోజర్ మంచి కంపెనీది. నా సామానుల ఖోడు లేదు. బిగించింది మీరు.

మేస్త్రి: బిగించింది మేమే, కాదంటలేను. ఒక్క దినంల ఎన్ని తలుపులు బిగియ్యమన్నవో అది గూడ చెప్పు. ముగ్గురం మనుషులం, పద్దెనిమిది తలుపులు. ఓపెనింగ్ తారీఖు దగ్గర పడ్డదని నువ్వే తరిమినవు.

వర్తకుడు: రెడీమేడ్ తలుపు గదా! ఫ్యాక్టరీల కొలత పెట్టి కోసి పంపుతరు. నిలబెట్టి స్క్రూలు తిప్పుడే.

మేస్త్రి: గా తిప్పుడే పని, సేటూ. ముందు చట్రానికి గాడి కొట్టాలె. బందు రేకు ఎంత మందముంటే గాడి అంతే లోతు. జర లోతెక్కువైతే తలుపు చట్రానికి ఒత్తుకుని బందును గుంజుతది. తక్కువైతే సందు కానస్తది. గాడి కుదిరినంక, స్క్రూ కన్న సన్నపు బర్మాతోని బొక్క పెట్టి, అప్పుడు తిప్పాలె. టైం లేకపోతే పోరగాళ్లు ఏం చేస్తరో తెల్సా? స్క్రూను సుత్తితోని దిగ్గొడ్తరు. కట్టెల మర పడదిగ, పీసు తెగిపోతది. కొన్ని నెలలు పట్టుకున్నట్టే ఉంటది. తలుపు బరువంత పై బందే గుంజుతది గనుక ముందుగాల ఊడేది అదే. నువ్వు చూసే కుంగుడు గదే.

వర్తకుడు: గంత తెలిసినోనివి, గా తరుముడుకు ఎందుకు ఒప్పుకున్నవు?

మేస్త్రి: నేను ఒప్పుకోకపోతే అడ్డా మీద ఇంకొకడు ఒప్పుకుంటడు. యూపీ నుంచి, రాజస్థాన్ నుంచి అచ్చిన పిల్లలు తలుపుకింత అని గుత్తకు తీసుకుంటున్నరు. ఆళ్లను ఏమనలేను, ఆకలి ఆళ్లది. గుత్త లెక్కల ఎన్ని తలుపులైతే అన్ని పైసలు. గాడి చక్కగ కొట్టినోనికి ఎక్కువ రాదు, సుత్తితోని కొట్టినోనికి తక్కువ రాదు. ఇగ మంచిగ ఎవడు చేస్తడు?

వర్తకుడు: నా బాధ గూడ ఇను. మా బాపు కాలంల ఫర్టిలైజర్ ఫ్యాక్టరీ నడిచేది, ఎన్టీపీసీ కట్టేది, బాయిల్ల మనుషులు నిండుగ ఉండేటోళ్లు. మంచి టేకు దర్వాజలకు ముందుగాల బయానా ఇచ్చి నెలలు ఆగేటోళ్లు. 1999ల ఫర్టిలైజర్ మూతపడ్డది. సింగరేణిల లక్ష దాటిన కార్మికులు నలభై వేల కాడికి దిగిండ్రు. గిరాకీ సగమైంది. మల్ల ఎట్ల లేచినం? 2022ల ఆ ఫ్యాక్టరీ కొత్త పేరుతోని ప్రధాని చేతుల మీద జాతికి అంకితమైంది. అదే ఏడు మెడికల్ కాలేజీ వచ్చింది. దాని ఎనుక హాస్టళ్లు, నర్సింగ్ హోములు. ఇసొంటి బిల్డింగులకు నెలలు ఆగే ఓపిక ఉండదు. యమునానగర్‌కెళ్లి ఫ్లష్ తలుపులు, అలీగఢ్‌కెళ్లి తాళాలు, గుజరాత్‌కెళ్లి హ్యాండిళ్లు తెప్పిచ్చి నిలబడ్డ. నువ్వు రెడీమేడ్‌ను తిడితే నా అన్నాన్ని తిట్టినట్టే.

మేస్త్రి: రెడీమేడ్‌ను నేనేం తిడ్తలేను. కాని ఒక సంగతి చూడు. మన ఎగువన బల్లార్షా. రామగుండం స్టేషన్ల రైలెక్కితే మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ దాటి పోతది. ఆడి టేకే అయోధ్య గుడి తలుపులకు పోయింది. తలుపులు చేసింది హైదరాబాద్ టింబర్ కంపెనీ, చెక్కింది తమిళనాడు పనోళ్లు. దేవునికైతే చేతిపని కావాలె. రోగం వచ్చి మంచాన పడ్డోనికి మాత్రం సుత్తితోని కొట్టిన స్క్రూ సాలునా?

వర్తకుడు: దేవుని తలుపు దినానికి రెండుపార్లు తెరుస్తరు, కాకా. ఆసుపత్రి తలుపును దినమంత తోస్తనే ఉంటరు. దానికి అందం కన్న లెక్క కావాలె. టేకు తలుపు మేల ఎండి గుంజుకుంటది, వానకాలం ఉబ్బి పట్టుకుంటది. మన ఎండ నీకు తెలువందా? ఫ్లష్ తలుపు గంత ఆడదు. ఇంకోటి చెప్త, కోపానికి రాకు. మీ వడ్లోళ్లు ఏ తలుపునైనా లోపలికే తెరుచుకునేటట్టు పెడ్తరు. ఇంటి అలవాటు. ఫంక్షన్ హాల్ల గూడ గదే చేస్తిరి.

మేస్త్రి: ఇంటి యజమాని లోపలికే పెట్టుమంటడు. బయటికి తెరుచుకునే తలుపు అశుభమంటరు.

వర్తకుడు: అశుభం గాదు, అదే పానం నిలబెడ్తది. 1903 డిసెంబర్ 30 నాడు అమెరికాల చికాగో పట్నంల ఇరోక్వా అనే కొత్త థియేటర్ల మంటలంటుకున్నయి. కొన్ని తలుపులకు తాళాలు. కొన్నింటి గొళ్లేలు ఎట్ల తియ్యాల్నో ఎవరికీ తెలువదు. కొన్ని లోపలికి తెరుచుకునేవి. మీద పడ్డ జనం ఒత్తిడికి అవి ఎట్ల తెరుచుకుంటయి? 602 మంది పోయిండ్రు. ఆ దినం ఆటకు పోవాల్సి ఉండి పోలేకపోయిన మనిషొకడు ఉండె, కార్ల్ ప్రింజ్లర్. ఇండియానాపోలిస్ పట్నంల హార్డ్‌వేర్ కొట్టుల సేల్స్‌మన్. ఆ గోస మరువలేక, ఒక ఇంజినీరును తోడు తీసుకుని, అడ్డపట్టీ మీద ఒంటితోని తోస్తే తెరుచుకునే గొళ్లెం తయారు చేయించిండు. 1908ల బజారుకు వచ్చింది. ఇయ్యాల సినిమా హాళ్లల్ల, మాల్స్‌ల చూస్తవు గదా, పానిక్ బార్ అంటరు, గదే. ఆలోచన వడ్రంగిది గాదు, కాకా. మా లెక్క కౌంటర్ ఎనుక నిలబడ్డోనిది.

మేస్త్రి: మంచి మనిషి. కాని ఆ గొళ్లెం పెట్టినంక దానికి గొలుసు కట్టి తాళమేస్తే?

వర్తకుడు: గదే మన దేశంల అయితున్నది. ఢిల్లీల ఉపహార్ సినిమా, 1997 జూన్ 13. బాల్కనీల ఒక దారికి అడ్డంగ అదనపు కుర్చీలేసిండ్రు. పొగ నిండినంక జనానికి దారి దొరకలె. 59 మంది. బయటికి పోయే తలుపు తాళంచెవి లేకుండ లోపలికెళ్లి తెరుచుకోవాలని నేషనల్ బిల్డింగ్ కోడ్‌ల రాసే ఉన్నది. రూలు ఉన్నది, సామాను ఉన్నది, సర్టిఫికెట్టు ఉన్నది. తప్పు యాడున్నదంటవు?

మేస్త్రి: తప్పు యాడున్నదో నేను బాయిల చూసిన. గాలి తలుపులు తెలుసా నీకు? బాయిలకు మంచి గాలి పోయే తోవొకటి, చెడుగాలి బయటికొచ్చే తోవొకటి. రెంటినీ కలిపే దారి ఉన్నకాడ తలుపు పెడ్తరు. ఒక్కటి పెడ్తె సాలదు. రెండు పెడ్తరు, నడుమ జాగ ఉంచి. ఒకటి తెరిచినప్పుడు రెండోది మూసి ఉండాలె. రెండూ ఒక్కపారి తెరుచుకుంటే ఫ్యాను గుంజే గాలి అడ్డదారి పట్టి ఆణ్నుంచే మర్లిపోతది. బొగ్గు తీసే ఫేసుకు అందది. ఆడ గ్యాసు నిల్వ పడ్తది, మనుషులకు ఊపిరి ఆడది. అందుకని దర్వాజను జర వాలుగ నిలబెడ్తం. చెయ్యి ఇడిస్తే తలుపు దాని బరువుకే మూసుకుంటది. వాడుకల లేని తలుపును సుత ఊరికే ఇడిసిపెట్టేది లేదు. బందుల మీదికెళ్లి ఊడదీసి, గాలికి అడ్డం రాకుండ పక్కకు పెట్టాలని కోల్ మైన్స్ రెగ్యులేషన్లల రాసి ఉన్నది.

వర్తకుడు: నువ్వు నా మాటే చెప్తున్నవు. ఆడ కాపాడింది రూలే.

మేస్త్రి: రూలు కాయిదం మీద ఉంటది, తలుపు కాడ మనిషి ఉండాలె. షిఫ్టు షిఫ్టుకు మైనింగ్ సర్దార్ తన హద్దుల తిరుగుతడు, చూస్తడు, రిపోర్టు రాసి కింద సంతకం పెడ్తడు. తలుపు కింద గుడ్డ చిరిగితే సుత పైకి ఖబరు పోతది, వడ్రంగిని పిలుస్తరు. ఇంగ్లండుల అయితే ఒకప్పుడు ఆ తలుపులు తెరిచి మూసేతందుకు పసిపోరగాళ్లను చీకట్ల కూసోబెట్టేటోళ్లట. 1842ల చట్టం తెచ్చి పదేండ్లలోపు పిల్లగాండ్లను దింపొద్దన్నరు. అంటే తలుపుకు మనిషి కావాలన్న సంగతి ఆ కాలానికే తెలుసు. మరి నీ ఆసుపత్రి తలుపు ఎవరిది? నువ్వు అమ్మి బిల్లు రాసినవు, నేను బిగించి పోయిన, ఆళ్లు రిబ్బన్ కోసిండ్రు. ఆ దినం నుంచి దానికి దిక్కెవరు?

వర్తకుడు: సర్దార్‌కు కంపెనీ జీతమిస్తది, కాకా. ఈ తలుపులు చూసేటోనికి ఎవరియ్యాలె? కొటేషన్ అడిగినప్పుడు ఎవ్వడు తక్కువ చెప్తే వానికే ఆర్డరు. నేను బిగింపు కూలి అని వేరే గీత రాస్తే, ‘బిగింపు ఫ్రీ’ అని రాసినోడు ఆర్డరు ఎత్తుకపోతడు. నీకైతే పింఛను అస్తది. నాకు బ్యాంకు కిస్తు అస్తది.

మేస్త్రి: బొగ్గు పింఛను సంగతి నాతోని మాట్లాడకు. 1998 స్కీము పింఛనుతోని ఇల్లు నడిస్తే ఈ వయసుల నిచ్చెన ఎందుకెక్కుత? ఫ్రీ అని రాసిండ్రంటే నా కూలి యాడికెళ్లి తీసిండ్రు? సామాను ధరల దాసిండ్రు, లేకపోతే నా దినంలకెళ్లి కోసిండ్రు. క్లోజర్ సంగతే చూడు. దానికి రెండు స్క్రూలుంటయి. ఒకటి తలుపు ఎంత జోరుగ మూసుకోవాల్నో చూస్తది. రెండోది ఆఖరి జానెడు దూరం, గొళ్లెం పడే కాడ. రెండూ పావు చుట్టు అటు ఇటు తిప్పుకుంట, తలుపును తెరిచి మూసి, ఆ తలుపు బరువుకు సరిజెయ్యాలె. పెట్టెలకెళ్లి తీసి బిగించి పోతే తలుపు దబ్బున కొట్టుకుంటది. నర్సులు ఆ సప్పుడు తాళలేక ఇటుక అడ్డం పెడ్తరు. ఫైర్ డోర్ మూసి ఉంటేనే మంటను ఆపుతది. దాని సర్టిఫికెట్టు ఆ ఇటుకతోనే పాయె. ఎక్కువ ఇప్పితే నూనె కారుతది, క్లోజరే పోతది.

వర్తకుడు: ఆళ్లకు వాడుడు రాకపోతే నేనేం చెయ్యాలె? తాళాలల్ల కొబ్బరినూనె పోసి తెస్తరు, పని చేస్తలేదు మార్చి ఇయ్యుమంటరు.

మేస్త్రి: అదొక్కటి నిజం. ఈ ఊర్ల బొగ్గు దుమ్ము యాడ లేదు? నూనె తడికి దుమ్ము పట్టి తాళంల బురద లెక్క అయితది. పెన్సిల్ ముల్లు గీకి ఆ పొడి ఏస్తే సాలు, చెవి జారినట్టు తిరుగుతది. ఈ మాట గిరాకికి చెప్పేదెవరు? నీ కౌంటర్ మీద పోరగానికి తెలువది. నాకు తెలుసు, నన్ను అడిగేటోడు లేడు.

వర్తకుడు: నిన్ను గుర్తించేతందుకు సర్కారు స్కీమే పెట్టింది గదా. పీఎం విశ్వకర్మ, 2023 సెప్టెంబర్ 17 నాడు షురూ అయింది. పద్దెనిమిది వృత్తులల్ల వడ్రంగి ఉన్నడు, తాళాలు చేసేటోడూ ఉన్నడు. పనిముట్లకు 15,000, ఐదు శాతం వడ్డీకి అప్పు.

మేస్త్రి: మా పిల్లగాడొకడు పేరు రాయిచ్చుకున్నడు, మంచిదే. డ్రిల్ మిషన్ అస్తది. ఆ మిషన్ తిప్పేతందుకు టైం ఇచ్చేదెవరు? నా కొడుకు దుబాయిల తలుపులే బిగిస్తడు. ఆడ ప్రతి తలుపుకు ఒక నంబరు ఉంటదట. ఆ నంబరు ముంగట రాసి ఉంటది, ఎన్ని బందులు, ఏ క్లోజర్, ఏ తాళం, ఎటు తెరుచుకోవాలె అని. బిగించినోడు సంతకం పెడ్తడు, సూపర్‌వైజర్ అచ్చి తలుపు తెరిచి మూసి చూస్తడు. ఫైర్ డోర్ అంచుకు చిన్న రేకు బిళ్ల ఉంటే దాని మీద రంగు సుత పడనియ్యరట. ఈడ నా దగ్గర నేర్సుకున్న పోరడే ఆడ చక్కగ చేస్తున్నడు. చెయ్యి గదే గదా, మరి ఫరకు యాడుంది?

వర్తకుడు: గా నంబర్ల కాయిదం మనకూ ఉంటది, కాకా. డోర్ షెడ్యూల్ అంటరు. ఈ ఆసుపత్రికి గూడ హైదరాబాద్ ఆర్కిటెక్టు పంపిండు.

మేస్త్రి: యాడున్నది?

వర్తకుడు: ఫైల్ల ఉన్నది. ఇంగ్లిషుల ఉంటది, నీకెందుకని...

మేస్త్రి: అంకెలు ఇంగ్లిషుల అయితే ఏంది, తెలుగుల అయితే ఏంది? తియ్యి, చూద్దాం. రెండో అంతస్తు, ఆపరేషన్ థియేటర్ దిక్కు పోయే తలుపు.

కాగితం బయటికి వచ్చింది. స్ట్రెచర్ పోవడానికి వెడల్పుగా పెట్టిన తలుపు అది. దాని వరుసలో బేరింగ్ బందులు నాలుగు అని రాసి ఉంది. దుకాణం నుంచి పోయిన చలానులో మాత్రం తలుపులన్నిటికీ ఒకే లెక్క: మామూలు బందులు, తలుపుకు మూడు.

మేస్త్రి: ఇదేంది, సేటూ?

వర్తకుడు: రేటు దించుమని ఒకటే పోరు పెట్టిండ్రు. బందుల కాడ తగ్గించిన. మూడు ఆపుతయనుకున్న.

మేస్త్రి: సరిగ బిగిస్తే మూడు కొన్నొద్దులు ఆపేటివేమో. నాలుగుంటే మా పోరగాని సుత్తి దెబ్బకు గూడ ఇంత జల్ది కుంగకపోవు. నీ కోత, మా తొందర ఒక్క తలుపు మీదనే పడ్డయి. ఈ కాయిదం ముందుగాల నా చేతికిస్తే నాలుగో బందు యాడ అని అడుగుదు గదా.

వర్తకుడు: అడుగుదువు. నేను మాట దాటేద్దును.

మేస్త్రి: గప్పుడు నేను గా తలుపు బిగియ్యక పక్కకు పెడ్దును. బాయిల గట్లనే చేసేటోళ్లం.

వర్తకుడు: ఆసుపత్రికి నువ్వు బాయి రూలు పెడ్తవా? తలుపు ఆపితే ఓపెనింగ్ ఆగుతది, ఓపెనింగ్ ఆగితే నా పైసలు ఆగుతయి. నా దుకాణంల నలుగురు పనోళ్లు, ఇద్దరు హమాలీలు. ఆళ్లకు ఒకటో తారీఖు నాడు ఏమియ్యాలె?

మేస్త్రి: ఇప్పుడు గూడ పైసలు ఆగినయి గదా. ఆ ఫోన్లు ఎందుకు చేస్తున్నరు? ఆఖరి బిల్లు ఆపేతందుకే. నాలుగో బందు ధర మిగిలిచ్చి మొత్తం బిల్లు కాడ ఇరికినవు. నేను ధర్మం చెప్తలేను, నీ లెక్కే చెప్తున్న.

వర్తకుడు: సరే, ఇప్పుడేం చేద్దాం?

మేస్త్రి: తలుపు ఊడదీస్త. పాత బొక్కలల్ల టేకు పుల్లలు ఫెవికాల్ పెట్టి దిగ్గొడ్త. ఒక రాత్రి ఆరనియ్యాలె, తొందరపెట్టొద్దు. తెల్లారి గాడి మల్ల సరిజేసి, నాలుగు బేరింగ్ బందులు బిగిస్త. క్లోజర్‌ను ఆ బరువుకు సరిజేసి, నర్సులను పిలిచి తోసి చూడుమంట. సుత్తితోని కొట్టింది మా పోరగాడు గనుక ఈ పని కూలి నాది. బందులు నీయి.

వర్తకుడు: ఒప్పుకున్న. మిగిలిన తలుపులు?

మేస్త్రి: అన్నీ చూస్త, స్క్రూ స్క్రూ తిప్పి చూస్త. కాని దానికి కూలి కావాలె. నీ వచ్చే ఆర్డరు నుంచి బిల్లుల బిగింపుకు వేరే గీత ఉండాలె. తలుపు నంబరు, బిగించినోని పేరు, ఆరు నెలలకు ఒకపారి వచ్చి చూసే కూలి. ఫ్రీ అన్న మాట రాయొద్దు.

వర్తకుడు: టెండర్ల ఓడిపోతే?

మేస్త్రి: కొన్ని ఓడిపోతవు, అబద్ధం చెప్పను. ఓడిన కాడ ఫోన్లు రావు, తలుపు మార్చి ఇచ్చేదుండదు. గెలిచిన కాడ ఆరు నెలలకు ఒకపారి నేను లోపలికి పోత, ఏం కావాల్నో చూసొస్త. తాళం కావాలంటే ఇంకో దుకాణం చూపెడ్తనా? మీ బాపు కాలంల దర్వాజ ఎత్తిన దినం వడ్లాయనకు బట్టలు పెట్టి, కొబ్బరికాయ కొట్టేటోళ్లు. ఆ ఇంట్ల ఏ తలుపు పట్టుకున్నా ఆయన్నే పిలిచేటోళ్లు. నేను బట్టలు అడుగుతలేను, బిల్లుల గీత అడుగుతున్న.

వర్తకుడు: గీత రాస్త, కాని అన్ని ఆర్డర్లకు రాయలేను. ముందుగాల ఆసుపత్రులు, ఫంక్షన్ హాళ్లకు రాసి చూస్త. లాడ్జీలోళ్లు రేటు కాడ చచ్చినా ఒప్పుకోరు.

మేస్త్రి: నిప్పంటుకుంటే లాడ్జీల పండుకున్నోడు సుత బయటికి రావాలె గదా?

వర్తకుడు: రావాలె. అందుకని కనీసం మెట్ల కాడి తలుపు వరకన్న రాయిస్త. అంతకన్న ఇప్పుడు మాటియ్యలేను. తలుపుకు ఎంత టైం లెక్క కట్టాలె?

మేస్త్రి: గంటన్నర.

వర్తకుడు: గంట. గంటన్నర రాస్తే ఎవ్వడు ముట్టడు.

మేస్త్రి: స్ట్రెచర్ తలుపులకు, ఫైర్ డోర్లకు రెండు గంటలియ్యి. మిగిలినయి గంటకు ఒప్పుకుంట. పోరగాళ్ల సుత్తులు నేను గుంజుకుంట.

వర్తకుడు: సరే. వచ్చే వారం హాస్టల్ కొటేషన్ ఉన్నది. షెడ్యూల్ నీ ఫోనుకు పంపుత. రెండు గంటల తలుపులేవో నువ్వే గుర్తు పెట్టు. బందులు తక్కువ రాసిన కాడ గూడ గుర్తు పెట్టు, కాని ఆర్కిటెక్టు ముంగట గాదు, ముందు నాకు చెప్పు.

మేస్త్రి: ముందు నీకే చెప్త. నువ్వు మార్చకపోతే రెండోపారి ఆయనకు చెప్త.